కాలువ కొలతయే ఓడ కొలత



నేటి నా ప్రసంగము సరకుల ఓడలను గూర్చి. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతమున పుట్టి పెరిగిన నాకును, నా మాట వినుచున్న మీకును ఓడలతో నేమి పని యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మనకు సముద్రము దూరము. మూసీ మీద 1920లో కట్టిన గండిపేట చెరువును, ఈసీ మీద 1927లో కట్టిన హిమాయత్ సాగరును మన కన్నుల యెదుట నున్న పెద్ద జలములు. అవి త్రాగునీటి చెరువులే గాని ఓడల దారులు గావు. అయినను ఓడల కొలతలోని మర్మమును గ్రహించుటకు సముద్రమును చూచి యుండవలసిన పని లేదు. చొప్పబండి తోలినవారికి అది సగము తెలిసినదే.

నా చిన్ననాటి మాట యొకటి చెప్పెదను. ఆ యేడు జొన్న బాగుగా పండినది. మా నాయన చేనినుండి చొప్ప ఇంటికి తోలించుచుండెను. నాలుగు మార్లు తిరుగనేల, రెండు మార్లతో ముగింతమని మా జీతగాడు బండికి ఇరుప్రక్కల అడ్డకర్రలు కట్టి చొప్పను వెడల్పుగా పేర్చెను. బండి చేనిలో కదలినది. బాటపై చక్కగా నడచినది. ఊరి దర్వాజ కడకు వచ్చి రెండు రాతి కంబముల నడుమ బిగిసికొని పోయినది. ముందుకు రాదు, వెనుకకు పోదు. వెనుక వచ్చిన బండ్లు, పసులు, బిందెలెత్తుకొనిన ఆడువారు, అందరును నిలిచిపోయిరి. మా నాయన కోపపడలేదు. "చేను ఎంత వెడల్పున్నదో చూసినవు గాని, దర్వాజ ఎంత వెడల్పున్నదో చూడకపోతివి గదరా" అని మాత్రము అనెను.

ఈ మాటను చెవులార వినిన నేనే బడిపంతులనై ముప్పది యేండ్లు పిల్లలకు తప్పు చెప్పితిని. "సముద్రమునకు హద్దు లేదు, కావున ఓడను ఎంత పెద్దదిగనైనను కట్టవచ్చును" అని బోధించుచుంటిని. నేను కావ్యములును వ్యాకరణమును చదువుకొన్నవాడనే గాని ఓడను ఎరిగినవాడను గాను. నా యొద్ద చదివిన పిల్లవాడొకడు పెరిగి, సరకుల ఓడలో యంత్రముల పనికి కుదిరి, ఒక దసరాకు ఇంటికి వచ్చినప్పుడు నన్ను చూడవచ్చెను. పనామా కాలువలో తన ఓడ పోవునప్పుడు ఓడ ప్రక్కకును గోడకును నడుమ రెండడుగుల సందు మాత్రమే యుండెనని చెప్పెను. "సార్, మీరు మాకు సముద్రం కొలత చెప్పిన్రు. మా ఓడ కట్టినవాడు ఆ గోడ కొలత చూసి కట్టిండు" అనెను. నాకు వెంటనే మా నాయన చొప్పబండి జ్ఞాపకము వచ్చినది. ఆ తప్పును దిద్దుకొనుటకే ఈ ప్రసంగము.

ముందుగా, ఓడను పెద్దది చేయవలెనను కోరిక ఏల పుట్టునో చూతము. ధాన్యము పోయు గుమ్మి యొకటి యున్నదనుకొనుడు. దాని పొడవును, వెడల్పును, ఎత్తును, మూడింటిని రెండింతలు చేసినచో దానిలో పట్టు ధాన్యము రెండింతలు గాదు, ఎనిమిదింతలగును. ఓడయు నట్టిదే. ఎనిమిదింతల సరకు మోయు ఓడకు ఎనిమిదింతల ఇనుము పట్టదు. ఎనిమిదింతల నూనె కాలదు. ఎనిమిదింతల నావికులు అక్కరలేదు. 400 మీటర్ల పొడవుగల ఓడను నేడు పాతికమంది నడుపుచున్నారు. ఓడ పెరిగిన కొలది ఒక్కొక్క బస్తాకు పడు కూలి తగ్గును. కావున వర్తకుడు ఎల్లప్పుడును ఇంకను పెద్ద ఓడనే కోరును. అతని కోరికకు సముద్రము అడ్డు చెప్పదు. దారిలోని కాలువ అడ్డు చెప్పును.

కాలువ ఓడను నాలుగు చోట్ల కొలుచును. పొడవు ఒకటి, వెడల్పు రెండవది, ఓడ నీటిలో మునుగు లోతు మూడవది, నీటిపైన ఓడ ఎత్తు నాల్గవది. ఎత్తును కొలుచునవి కాలువపై కట్టిన వంతెనలు. ఇందు మూడవ కొలత ఒక్కటే కొంచెము విప్పి చెప్పవలసినది. బావిలో ఖాళీ బిందెను వదలిన అది పైపైన తేలును. నీరు చేరిన కొలది క్రిందికి దిగును. ఓడయు ఖాళీగా నున్నప్పుడు పైకి తేలి, సరకు నిండిన కొలది లోతునకు దిగును. కావున ఒకే ఓడ ఒక కాలువలో ఖాళీగా పోగలదు, నిండుగా పోలేకపోవచ్చును.

ఇక కాలువలు రెండు విధములు. రెండు కొసలను నీటిమట్టము సమానముగా నున్న కాలువ యొకటి. మెట్టు మెట్టుగా ఎక్కి దిగవలసిన కాలువ మరియొకటి. ఈ రెండవ దానికి లాకులు కావలెను. లాకు లనగానే గోదావరి జిల్లాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఆర్థరు కాటను దొర ధవళేశ్వరము వద్ద 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో ముగించెను. ఆ ఆనకట్ట నుండి తీసిన పెద్ద కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు దారియు నైనవి. నేల వాలుగా నుండుటచే కాలువ అక్కడక్కడ క్రిందికి దిగును. పడవ ఆ దిగుడును దాటుట ఎట్లు? అందులకే లాకు.

లాకు అనగా ముందొక తలుపు, వెనుక నొక తలుపు గల నీటి గది. క్రిందినుండి వచ్చిన పడవను గదిలోనికి రానిచ్చి వెనుక తలుపు మూయుదురు. పై కాలువ నీటిని మన చెరువు తూము వంటి దారిగుండ గదిలోనికి వదలుదురు. గదిలో నీరు పెరుగును. నీటితోపాటు పడవయు పైకి లేచును. పై మట్టము వచ్చినంతనే ముందు తలుపు తెరతురు. పడవ సాగిపోవును. దిగునప్పుడు ఇదే పని తలక్రిందుగా జరుగును. ఇందు ఏ యంత్రమును పడవను మోయదు, నీరే మోయును. అయితే రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. గదికంటె పొడవైన పడవ గాని వెడల్పైన పడవ గాని ఆ దారిని పోజాలదు. పడవ దాటిన ప్రతిసారియు పై నీరు ఒక గదియెడు క్రిందికి పోవును. ఈ రెండవ సంగతి నా ప్రసంగము చివర మరల వచ్చును.

ఆ కాలమున కాకినాడ నుండి రాజమహేంద్రవరము మీదుగా ఏలూరు కాలువలో బెజవాడకును, కృష్ణ దాటి కొమ్మమూరు కాలువలో పెదగంజామునకును, అక్కడినుండి తీరము వెంబడి బకింగ్‌హాం కాలువలో చెన్నపట్టణమునకును పడవలు నడిచినవి. ఈ బకింగ్‌హాం కాలువలో మొదటి తునకను చెన్నపట్టణమునకు ఉత్తరమున 1806లో త్రవ్విరి. 1877, 1878 సంవత్సరముల కరవులో ఆకలిగొన్నవారికి కూలి యిచ్చి మరికొంత త్రవ్వించిరి. 1878లో గవర్నరు పేరు పెట్టిరి. బియ్యము, ఉప్పు, వంటచెరకు దాని మీదుగా పోయెడివి. గాలి యున్నప్పుడు తెరచాప ఎత్తెడివారు. లేనప్పుడు గట్టున నడచుచు త్రాటితో లాగెడివారు.

ఇంత పొడవైన దారిలో పడవ ఎంత పెద్దది కాగలదు? దారిలో మిక్కిలి ఇరుకైన లాకు ఎంతో, మిక్కిలి మెరక చోట నీటి లోతు ఎంతో, మిక్కిలి క్రిందుగా నున్న వంతెన ఎంతో, అంతయే. తొంబదితొమ్మిది లాకులు విశాలముగా నుండి నూరవది ఇరుకైనచో ఆ నూరవదియే అన్నిటికి కొలత. రైలు వచ్చినది, దానికి పెట్టెలు తగిలించుకొనుచు పోవచ్చును. లారీ వచ్చినది, అదియు ఏటేట పెరిగినది. పడవ మాత్రము పెరుగలేకపోయినది, లాకు పెరుగలేదు గనుక. 1965, 1966 సంవత్సరముల తుపానులు బకింగ్‌హాం కాలువను మరింత పాడుచేసినవి. వర్తకము మెల్లగా గట్టు ఎక్కినది. 2008లో కాకినాడ, పుదుచ్చేరిల నడుమనున్న ఈ కాలువలను, గోదావరీ కృష్ణలలో కొంత దూరమును కలిపి నాల్గవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. మార్గమునకు పేరు పెట్టుట సులభము. పాత వంతెనలను ఎత్తుట, పాత లాకులను విప్పి కట్టుట కష్టము.

మన తెలంగాణములోనే దుమ్ముగూడెము వద్ద మరియొక పాఠము కలదు. గోదావరిలో పైకి పడవలు నడిపి ఎగువ దేశపు ప్రత్తిని తీరమునకు చేర్చవలెనని కాటను దొర తలచెను. నదిలో బండరాళ్లు అడ్డమున్న చోట ఆనకట్టయు, ప్రక్కన లాకులతో కాలువయు కట్టసాగిరి. ఎంతో సొమ్ము వ్రయమైనది. వానకాలపు గోదావరి వేరు, వేసవి గోదావరి వేరు. 1871లో ఆ పని మానివేసిరి. కాలువకు గోడలే గాదు, ఎండకాలము కూడ నొక దర్వాజయే.

ఇప్పుడు మన దేశము దాటి పనామాకు పోదము. ఉత్తర దక్షిణ అమెరికాలను కలుపు సన్నని నేలను అడ్డముగా త్రవ్వి 1914 ఆగస్టు 15న ఆ కాలువను తెరచిరి. పొడవు సుమారు 80 కిలోమీటర్లు. నడుమ కొండ నేల యుండుటచే చాగ్రెస్ నదికి అడ్డకట్ట వేసి గాటూన్ అను పెద్ద చెరువును చేసిరి. ఆ చెరువు సముద్రముకంటె 26 మీటర్ల ఎత్తున నున్నది. ఓడ ఒక సముద్రము నుండి లాకుల మెట్లెక్కి, చెరువులో నడచి, లాకుల మెట్లు దిగి రెండవ సముద్రమున పడును.

ఆనాడు కట్టిన గది పొడవు 305 మీటర్లు, వెడల్పు 33.5 మీటర్లు. అందు పోదగిన ఓడ 294 మీటర్ల పొడవు, 32.3 మీటర్ల వెడల్పు మించరాదు. నీటిలో 12 మీటర్లు దాటి మునుగరాదు. వెడల్పులో మిగిలినది రెండు ప్రక్కలకు కలిపి 1.2 మీటరు. నా శిష్యుడు చెప్పిన రెండడుగుల సందు ఇదియే. ఓడ గోడకు రాచుకొనకుండ గట్టుమీద పట్టాలపై నడచు విద్యుద్యంత్రములు ఇరువైపుల త్రాళ్లతో పట్టుకొని నడిపించును. వానిని అక్కడివారు కంచరగాడిద లని పిలుతురు.

లోకమందలి ఓడలు కట్టువారు ఏమి చేసిరో వినుడు. గదిలో పట్టునంత ఓడను, వ్రేలెడైనను తగ్గకుండ, వందలుగా కట్టిరి. అట్టి ఓడకు పనామాక్స్ అను పేరే వచ్చినది. వెడల్పు పెంచవీలులేదు గనుక పొడవు పెంచిరి. తుదకు వెడల్పునకు తొమ్మిదింతల పొడవు గల, మునగకాయ వంటి ఓడలైనవి. ఎక్కడో కొండల నడుమ కట్టిన గోడ, ఆ దారిన ఎన్నడును పోని ఓడలకు సైతము ఆకారమును నిర్ణయించినది. ఏలయన, ఎప్పుడైన పోవలసి వచ్చునేమో యని ప్రతి యజమానియు తలచును. 1988లో గాని పనామా గదిలో పట్టని వెడల్పుతో పెట్టెల ఓడను కట్టుటకు ఎవ్వరును తెగింపలేదు.

సూయజు కాలువ సంగతి వేరు. అది ఎఱ్ఱసముద్రమును మధ్యధరా సముద్రముతో కలుపుచు 1869 నవంబరు 17న తెరువబడినది. మట్టములు ఇంచుమించు సమానము గనుక అందు లాకులు లేవు. కావున పొడవునకు గట్టి హద్దు లేదు. హద్దంతయు వెడల్పునకును లోతునకును. మన కాలువలవలె దాని గట్లును వాలుగా నుండి అడుగున ఇరుకుగను పైన వెడల్పుగను ఉండును. అందుచే అక్కడి లెక్క ఇట్లున్నది: 50 మీటర్ల వెడల్పు గల ఓడ 20.1 మీటర్లవరకు మునిగి పోవచ్చును, 77.5 మీటర్ల వెడల్పు గలది 12.2 మీటర్లకు మించి మునుగరాదు. వెడల్పు హెచ్చిన లోతు తగ్గవలెను. తెరచిననాడు 8 మీటర్లుగా నున్న కాలువ లోతును పలుమారులు త్రవ్వి నేటికి 24 మీటర్లు చేసిరి. త్రవ్విన ప్రతిసారియు ఓడలు పెరిగి ఆ కొత్త హద్దును అందుకొన్నవి.

లోతు 24 మీటర్లుండగా 20 మీటర్లే మునుగవలెనను నియమమేల యని మీరడుగవచ్చును. ఇరుకు కాలువలో ఓడ ముందుకు పోవుచున్నప్పుడు దాని యెదుటి నీరు రెండు ప్రక్కల సందులనుండి వెనుకకు వడిగా పారును. వడిగా పారు చోట నీటిమట్టము తగ్గి ఓడ ఇంకను క్రిందికి దిగును. గట్టునకు దగ్గరగా పోయినచో ఆ వైపు నీరు ఓడ వెనుక భాగమును గట్టువైపు లాగును. అందుచే మెల్లగా పోవలెను, అడుగున జాగా విడువవలెను.

దీనిని లోకమంతయు 2021లో కన్నులార చూచినది. మార్చి 23న ఎవర్ గివెన్ అను ఓడ సూయజులో పోవుచు, గాలి వడికి అదుపు తప్పి అడ్డము తిరిగి గట్టున గ్రుచ్చుకొనెను. దాని పొడవు 400 మీటర్లు, వెడల్పు 59 మీటర్లు. కాలువ వెడల్పుకంటె ఓడ పొడవే ఎక్కువ యగుటచే తలుపునకు గడియ వేసినట్లైనది. అందలి నావికులు 25 మందియు మన భారతీయులే. ఆరు దినములు రెండు సముద్రముల వర్తకము నిలిచిపోయినది. వందలకొలది ఓడలు వెనుక వేచినవి. ఇసుక త్రవ్విరి, లాగుడు ఓడలతో లాగిరి. తుదకు తోడ్పడినది ఎవరో యెరుగుదురా? కాముని పున్నమనాటి చంద్రుడు. మార్చి 28న పున్నమ. ఆ పోటుకు నీరు పొంగగా 29న ఓడ కదలినది. మా చొప్పబండి పూటలో విడివడినది గాని కథ ఒక్కటే.

దర్వాజయే లేకున్న ఏమగునో కూడ లోకము చూచినది. 1967 యుద్ధముతో సూయజు మూతపడి 1975వరకు తెరువబడలేదు. ఓడలన్నియు ఆఫ్రికా చుట్టి పోవలసి వచ్చెను. కాలువ హద్దు తొలగినంతనే నూనె ఓడలు రాక్షసుల వలె పెరిగినవి. వానిలో మిక్కిలి పెద్దది సీవైజ్ జయంట్. 458 మీటర్ల పొడవు. నిండినప్పుడు సుమారు 24.6 మీటర్లు మునుగును. అది నిండు సరకుతో సూయజున పోజాలదు. పనామాను తలపెట్టనే లేదు. చాల రేవులలోనికి రానేలేదు. తుదకు మన గుజరాతులోని అలంగు ఒడ్డున దానిని విరిచి ఇనుము చేసిరి. కాలువ తప్పినను రేవు తప్పదు గదా! మన విశాఖపట్టణమున 1933లో తెరచిన లోపలి రేవునకు పోవు దారి ఇరుకగుటచేతనే, పెద్ద ఓడలకొరకు 1976లో బయటి రేవును వేరుగా కట్టవలసి వచ్చెను.

అట్లైన దర్వాజను వెడల్పు చేసిన సరిపోదా? పనామావారు చేసిరి. 2016 జూను 26న కొత్త లాకులను తెరచిరి. గది పొడవు 427 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు. పాత గదిలో సుమారు అయిదువేల పెట్టెల ఓడ పట్టగా, కొత్త గదిలో పదమూడువేలు దాటిన ఓడ పట్టును. కాని నేను మొదట గుర్తుంచుకొనుడన్న సంగతి ఇక్కడ వచ్చినది. ఓడ దాటిన ప్రతిసారియు గాటూన్ చెరువు నీరు సముద్రము పాలగును. పాత లాకులలో ఒక ఓడ దాటుటకు సుమారు ఇరువది కోట్ల లీటర్ల మంచినీరు పోవును. కొత్తవానిలో ప్రక్క తొట్లు కట్టి ఆరుపాళ్లు నీరు మరల వాడుకొనుచున్నారు. అయినను మిగిలినది పోవలసినదే. ఆ చెరువు నీరే పనామా నగరమునకు త్రాగునీరు. 2023లో వానలు తప్పగా చెరువు మట్టము పడిపోయెను. దినమునకు 36 వరకు పోవు ఓడలను సంవత్సరాంతమునకు సుమారు 24కు తగ్గించిరి. కొత్త లాకులు ఎంత లోతైనను, సరకు తగ్గించుకొని తేలికగా రమ్మనిరి. మత్తడి దూకని యేట తూము ఎంత పెద్దదైన నేమి? గండిపేట గట్టున నివసించు మనకు ఈ లెక్క చెప్పనక్కరలేదు.

ఇంతవరకు వినిన మీరు, ఈ పంతులు సముద్రము పేర మన బాటను గూర్చియే చెప్పుచున్నాడని గ్రహించియే యుందురు. అప్పా కూడలి నుండి మొయినాబాదు, చేవెళ్ల మీదుగా మన్నెగూడ వరకు పోవు బాటకు ఇరుప్రక్కల సుమారు 900 మర్రిచెట్లున్నవి. బాటను వెడల్పు చేయవలెనన్న మాట, మఱ్ఱులను కాపాడవలెనన్న మాట, రెండును హరిత న్యాయస్థానమువరకు పోయినవి. 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద కంకర లారీ బస్సును ఢీకొని ఎందరో మరణించిరి. మరణించినవారిలో మన చుట్టుప్రక్కల బిడ్డలు గలరు. ఆ దుఃఖము ముందు ఇరుకు బాట చాలునని నేననలేను. చెట్లనీడలో నడచి బడికి పోయినవాడను, చెట్లు పోయిన పోనిమ్మనియు అనలేను.

ఓడల కథనుండి మనకు పనికివచ్చు తర్కము మూడు ప్రశ్నలుగా నున్నది. దర్వాజ కొలత యెంత? దానిని పెంచుటకు పోవునది యెవరి నీరు, యెవరి నీడ? పెంచిన పిదప బండి మరల పెరిగి ఆ కొత్త దర్వాజను కూడ నింపినచో దానికి హద్దు పెట్టువారెవరు? మొదటి రెండు ప్రశ్నలను అధికారులు అడుగుచునే యున్నారు. మూడవదానిని అడుగువారు తక్కువ. పనామావారు గోడ కట్టుటతో ఊరకుండక, ఇంతకు మించిన ఓడ రాగూడదని కొలత వ్రాసి, కొలిచి మరీ విడుచుచున్నారు. బాటను వెడల్పు చేసినను, చేయకున్నను, ఆ బాటపై ఎంత బరువు, ఎంత వడి పోవచ్చునో కొలిచి విడువనిచో ప్రయోజనము సగమే.

మీ ఊరికి కొలతలు తీయువారు వచ్చినప్పుడు రచ్చకట్టపై కూర్చున్న మీరే వారిని ఈ మూడవ ప్రశ్న అడుగవలెనని నా మనవి. ముప్పది యేండ్లు తప్పు చెప్పిన పంతులు ఆలస్యముగ నేర్చుకొనిన పాఠము ఇది.